అడగక్కర్లేదు... తీసుకెళ్లండి!

ప్యాడ్ కొనడానికి డబ్బుల్లేకపోవడం ఒక కష్టం. ఆ సంగతి ఇంకొకరి ముందు నోరు తెరిచి చెప్పుకోవాల్సి రావడం అంతకన్నా పెద్ద కష్టం. ఈ రెండో కష్టాన్నీ లెక్కలోకి తీసుకుని ఒక నగరంలో చిన్న ప్రయోగం జరిగింది. ఐదేళ్లు తిరిగేసరికి అక్కడ దేశమంతటికీ చట్టమే వచ్చేసింది. మన నగరాలు ఆ అనుభవం నుంచి నేర్చుకోవాల్సింది చాలానే ఉంది.

అబర్దీన్... స్కాట్లాండ్‌లో ఈశాన్యాన, సముద్రపుటొడ్డున ఉన్న నగరం. పాత భవనాలు చాలావరకు బూడిదరంగు గ్రానైట్ రాయితో కట్టినవే కావడంతో దానికి 'గ్రానైట్ నగరం' అని పేరు. 1970ల్లో ఉత్తర సముద్రంలో చమురు తవ్వకాలు మొదలయ్యాక ఆ ఊరి దశ తిరిగింది. కంపెనీలొచ్చాయి, జీతాలు పెరిగాయి, వాటితోపాటే ఇళ్ల అద్దెలూ పెరిగాయి. 2014లో చమురు ధర పడిపోయింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. అద్దెకే జీతం చాలని ఇళ్లలో తిండికీ తడుముకోవాల్సిన రోజులొచ్చాయి.

2017 జులైలో స్కాట్లాండ్ ప్రభుత్వం ఆ నగరంలో ఓ ప్రయోగం మొదలుపెట్టింది. గడువు ఆరు నెలలు. కేటాయించింది 42,500 పౌండ్లు. లక్ష్యం... కనీసం వెయ్యిమంది పేద మహిళలకు, విద్యార్థినులకు నెలసరి రోజుల్లో కావాల్సిన ప్యాడ్లూ టాంపన్లూ ఉచితంగా అందించడం.

'అంత డబ్బున్న దేశంలో ప్యాడ్లు కొనుక్కోలేని ఆడవాళ్లుంటారా?' అనిపించొచ్చు. అక్కడివాళ్లకీ మొదట అలాగే అనిపించింది!

ఖర్చుల జాబితాలో చిట్టచివర...

ఇంటి అద్దె వాయిదా వేయడం కుదరదు. కరెంటు బిల్లు కట్టకపోతే దీపం ఆరిపోతుంది. పిల్లలకు పాలు మానిపించలేం. మరి నెలాఖరున చేతిలో డబ్బులు చాలకపోతే ఏ తల్లయినా ముందు కోత పెట్టేది దేనికి? తనకోసం చేసే ఖర్చుకే. ఆ కోతలో మొదట పోయేవాటిలో ప్యాడ్ల ప్యాకెట్ ఒకటి. దాని బదులు టాయ్‌లెట్ పేపర్ మడతలో, పాత గుడ్డలో వాడటం, లేదంటే నాలుగైదు గంటలకోసారి మార్చాల్సిన ప్యాడ్‌తోనే రోజంతా నెట్టుకురావడం... దీన్నే 'నెలసరి పేదరికం' అంటున్నారు. దానివల్ల ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి, ఇన్‌ఫెక్షన్లు రావచ్చు. మరకపడుతుందేమో అన్న భయంతో బడి మానేసే పిల్లలు, పని మానుకునే ఆడవాళ్లు ఎంతమందో!

2016లో కెన్ లోచ్ దర్శకత్వంలో 'ఐ, డేనియల్ బ్లేక్' అనే సినిమా వచ్చింది. కాన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం అందుకుంది. అందులో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె ప్యాడ్లు కొనే దారిలేక దుకాణంలో దొంగిలిస్తూ పట్టుబడుతుంది. బ్రిటన్‌లో చాలామందిని ఆ సన్నివేశం ఉలికిపాటుకు గురిచేసింది. మరుసటి ఏడాది 'ప్లాన్ ఇంటర్నేషనల్' సంస్థ బ్రిటన్‌లో 14-21 ఏళ్ల అమ్మాయిలను అడిగితే, పదిమందిలో ఒకరు ప్యాడ్లు కొనుక్కోలేని సందర్భాలున్నాయని చెప్పారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో కొందరు విద్యార్థినులు నెలసరి రోజుల్లో బడికి రావడంలేదన్న సంగతి పత్రికలకెక్కింది.

అప్పటికే అక్కడ ఫుడ్ బ్యాంకులున్నాయి. అవసరంలో ఉన్నవాళ్లు అక్కడి నుంచి రొట్టె, పప్పుల డబ్బాలు, పాస్తా తెచ్చుకునేవారు. దాతలు ఇచ్చినప్పుడు ప్యాడ్లూ ఉండేవి. అయితే వాటికోసం బల్ల అవతల కూర్చున్న మనిషిని అడగాలి. ఆ మనిషి తాతగారి వయసు మగాడు కావచ్చు, పక్కింటావిడా కావచ్చు. మన దగ్గర మందుల షాపులో పక్కన మగవాళ్లుంటే వాళ్లు వెళ్లేదాకా ఏదో చూస్తున్నట్టు నిలబడి, తర్వాత గొంతు తగ్గించి అడిగి, న్యూస్‌పేపర్లో చుట్టి నల్ల కవర్లో వేసిచ్చిన ప్యాకెట్‌ను చటుక్కున సంచిలో దాచుకునే ఆడపిల్లలకు ఆ ఇబ్బంది ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. డబ్బులిచ్చి కొనేటప్పుడే ఇంత సిగ్గయితే, 'నా దగ్గర డబ్బుల్లేవు, ఊరికే ఇవ్వండి' అని అడగడానికి ఎంత కావాలి?

కార్డు పెడదామా?

అబర్దీన్ ప్రయోగాన్ని నడిపింది 'కమ్యూనిటీ ఫుడ్ ఇనీషియేటివ్స్ నార్త్ ఈస్ట్' అనే స్థానిక సంస్థ. అప్పటికే ఊళ్లో ఫుడ్ బ్యాంకు నడుపుతోంది, పేదల ఇళ్లూ వాడలూ దానికి కొత్తకాదు. ఇందుకోసం కొత్త ఆఫీసులు తెరవలేదు. నిరాశ్రయులతో పనిచేసేవాళ్లు, హింస తట్టుకోలేక ఇల్లు వదిలొచ్చిన ఆడవాళ్లకు నీడనిచ్చేవాళ్లు, కొన్ని హైస్కూళ్లు, ఓ కాలేజీ... ఇలా ఆడవాళ్లు ఇప్పటికే వెళ్లివస్తున్న చోట్లనే పంపిణీ కేంద్రాలుగా ఎంచుకున్నారు. 'సాయం దగ్గరకు మనిషి రావడం కాదు, మనిషి ఉన్నచోటికే సాయం వెళ్లాలి' అన్నది మొదటి పాఠం.

రెండోది ఇంకా చిక్కు ప్రశ్న. ఉచితం అన్నాక ఎవరికివ్వాలి? పేదవాళ్లకే అంటే పేదలని తేల్చేదెలా? ఆదాయ పత్రం చూపించమనాలా? పేరు రాసుకోవాలా?

స్కాట్లాండ్ పార్లమెంటు సభ్యురాలు మోనికా లెనన్ 2017లో ఈ విషయంపై చట్టం కోసం తొలి ప్రతిపాదన చేసినప్పుడు ఒక కార్డు పద్ధతిని ముందుకు తెచ్చారు. బ్రిటన్‌లో యువతకు ఉచితంగా కండోమ్‌లు ఇచ్చేందుకు అప్పటికే 'సి-కార్డు' ఉంది. ఒకసారి పేరు నమోదు చేయించుకుంటే చాలు, కార్డు చూపించి తీసుకోవచ్చు. దాన్నే దీనికీ వాడుకోవచ్చన్నది ఆలోచన. వినడానికి పద్ధతిగానే ఉంది. లెక్కలు తేలతాయి, దుర్వినియోగం ఉండదు.

కానీ నమోదు చేయించుకోవడమంటే మళ్లీ ఎవరో ఒకరి ముందు నిలబడటమే. పదమూడేళ్ల పిల్ల కార్డు కోసం ఎక్కడికి వెళ్తుంది? ఇంట్లో పైసా పైసాకీ లెక్క అడిగే భర్త ఉన్న ఇల్లాలు ఆ కార్డు ఎక్కడ దాచుకుంటుంది? ఇల్లే లేని మనిషి ఏ చిరునామా రాస్తుంది? అసలు ఎవరికైతే బాగా అవసరమో వాళ్లే కార్డు దగ్గర ఆగిపోతారు. ఈ వాదనలన్నీ నడిచి నడిచి, చివరికి వచ్చిన చట్టంలో అందరికీ తప్పనిసరి కార్డు అన్న మాటే లేదు. 'అవసరమైన ప్రతి ఒక్కరికీ' అన్న మాట ఉంది. డబ్బున్న ఆవిడ కూడా తీసుకోవచ్చు. అలా అందరూ తీసుకుంటున్నప్పుడే లేనివాళ్లు తలెత్తుకుని తీసుకోగలరు.

అయినా ఒక్కసారి ఆలోచించండి. ఉచితం కదా అని ఎవరైనా నెలకు ఎన్ని ప్యాడ్లు వాడతారు? ఊరికే వస్తున్నాయని ఎవరికీ నెలసరి రెండుసార్లు రాదుగా!

నాలుగు ప్రశ్నలు

నగరంలో ఇలాంటి సేవ మొదలుపెట్టాలంటే డబ్బుకంటే ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు కావాలి. స్కాట్లాండ్‌లో ఒక్కోచోట ఒక్కోటి చేసి చూసి ఆ జవాబులు తెలుసుకున్నారు.

ఎక్కడ పెట్టాలి?: నార్త్ ఎయిర్‌షైర్ అనే స్థానిక పాలనా ప్రాంతం 2017 ఆగస్టులో తన హైస్కూళ్లన్నిటిలో ప్యాడ్లు ఉచితంగా అందుబాటులో ఉంచింది. ఏడాది తిరిగేసరికి గ్రంథాలయాలు, కార్యాలయాలు సహా తన అధీనంలోని ప్రజా భవనాలన్నిటికీ విస్తరించింది. 2018లో ముగ్గురు మహిళా అభిమానులు పట్టుబట్టడంతో గ్లాస్గోలోని సెల్టిక్ ఫుట్‌బాల్ క్లబ్ తన స్టేడియం టాయ్‌లెట్లలో వీటిని ఉచితంగా పెట్టింది. బ్రిటన్‌లో ఈ పని చేసిన తొలి క్లబ్ అదే. ఈ రెండు చోట్లా సూత్రం ఒకటే. అవసరం తెలిసేది టాయ్‌లెట్‌లో. కాబట్టి వస్తువూ అక్కడే ఉండాలి. హెడ్మాస్టర్ గది బీరువాలో తాళం వేసి పెడితే ఉన్నా లేనట్టే.

ఏవి పెట్టాలి?: ఒకరికి ప్యాడ్ సౌకర్యం, ఇంకొకరికి టాంపన్. ఉతికి వాడుకునే గుడ్డ ప్యాడ్లు, ఏళ్ల తరబడి పనికొచ్చే సిలికాన్ కప్పులు కావాలనేవాళ్లూ ఉంటారు. రక్తస్రావం ఎక్కువున్నవాళ్లకు చిన్న ప్యాడ్ ఇస్తే ఏం లాభం? పేదలకిచ్చేది కదా అని చవకరకం ఒక్కటే పెడితే అది సేవ కాదు, ముష్టి అవుతుంది. అందుకే ఎంచుకునే వీలుండాలని చట్టంలోనే రాసుకున్నారు.

ఎన్ని ఇవ్వాలి?: నెలసరి ఐదు రోజులనుకుందాం. రోజుకు నాలుగు చొప్పున ఇరవై ప్యాడ్లు. ఇంట్లో తల్లి, ఇద్దరు ఆడపిల్లలు ఉంటే అరవై! బడిలో అవసరానికి ఒక్కటిస్తే ఆ పూట గడుస్తుంది. సాయంత్రం, రాత్రి, ఆదివారం, వేసవి సెలవులు... వాటి సంగతేంటి? ఇంటికి తీసుకెళ్లేందుకూ ఇస్తేనే అది పరిష్కారం.

ఎలా తెలుస్తుంది?: సేవ ఉందని తెలియకపోతే లేనట్టే లెక్క. దగ్గర్లో ఎక్కడ ఉచితంగా దొరుకుతాయో ఫోన్‌లోనే మ్యాపులో చూపించే 'పికప్ మై పీరియడ్' అనే యాప్‌ను 'హే గర్ల్స్' అనే సామాజిక సంస్థ 2022లో తయారుచేసింది. ఏ గ్రంథాలయంలో ఉన్నాయో ఎవరినీ అడగక్కర్లేకుండా తెలుసుకోవచ్చు.

నగరం నుంచి చట్టసభకు...

అబర్దీన్‌లో పెట్టిన చిన్న దీపం తొందరగానే చుట్టుపక్కలకు వెలుగిచ్చింది. 2018 ఆగస్టులో స్కాట్లాండ్ ప్రభుత్వం 52 లక్షల పౌండ్లతో బడులు, కాలేజీలు, యూనివర్సిటీలన్నిటికీ ఈ సేవను విస్తరిస్తున్నట్టు ప్రకటించింది. దాదాపు 3.95 లక్షలమంది విద్యార్థులకు దాంతో మేలు జరుగుతుందని అంచనా. 2019 జనవరిలో గ్రంథాలయాలు, వ్యాయామ కేంద్రాల్లాంటి చోట్ల పెట్టేందుకు స్థానిక సంస్థలకు మరో 40 లక్షల పౌండ్లు ఇచ్చింది.

ఇదంతా ప్రభుత్వం తలుచుకుంటే చేసేది. మరి ప్రభుత్వం మారితే? బడ్జెట్ తగ్గితే? అందుకే చట్టం కావాలని మోనికా లెనన్ పట్టుబట్టారు. 2019 ఏప్రిల్‌లో బిల్లు పెట్టారు. ప్రభుత్వం మొదట వెనకాడింది. ఖర్చు ఏటా 2 కోట్ల 40 లక్షల పౌండ్ల దాకా పోవచ్చంది. చర్చలు జరిగాయి, సవరణలు వచ్చాయి. 2020 నవంబర్ 24న ఓటింగ్ జరిగితే అనుకూలంగా 121 ఓట్లు పడ్డాయి. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు! అప్పటికి అంచనా ఖర్చు ఏడాదికి 87 లక్షల పౌండ్లు. 2022 ఆగస్టు 15న చట్టం పూర్తిగా అమల్లోకొచ్చింది. అవసరమైన అందరికీ వీటిని ఉచితంగా అందించడాన్ని చట్టబద్ధమైన బాధ్యతగా చేసిన తొలి దేశంగా స్కాట్లాండ్ చరిత్రకెక్కింది.

ఆ చట్టంలో చెప్పుకోవాల్సిన విషయం ఇంకోటుంది. ప్యాడ్లు 'సులువుగా దొరకాలి, తీసుకునేవారి గౌరవానికి భంగం కలగకూడదు' అన్న అర్థం వచ్చేలా అందులో స్పష్టంగా రాశారు. ఎక్కడ పెట్టాలి, ఏ రకాలు పెట్టాలి అన్నది స్థానిక సంస్థలు తమంతట తామే నిర్ణయించేస్తే కుదరదు, వాడేవాళ్లను అడిగి తెలుసుకుని తీరాలి. అక్కడి యూనివర్సిటీల్లో చదువుకుంటున్న మన తెలుగమ్మాయిలకూ ఈ చట్టం వర్తిస్తుంది. పరాయి దేశంలో ఫీజులూ అద్దెలూ కట్టుకుంటూ పార్ట్‌టైమ్ జీతంతో నెట్టుకొచ్చే పిల్లలకు అది చిన్న ఊరటేం కాదు.

అలాగని అంతా సాఫీగా సాగిపోలేదు. చట్టం వచ్చిన నెలలోనే టేసైడ్ ప్రాంతంలో ఈ సేవను చూసుకునే అధికారిగా ఒక పురుషుణ్ని నియమించారు. అంతే, పెద్ద దుమారం! నెలసరి గురించి ఆడవాళ్లకు చెప్పడానికి మగవాడా అని కొందరు, మగవాళ్లూ మాట్లాడితేనే కదా సిగ్గు పోయేది అని కొందరు. చివరికి 2022 సెప్టెంబర్‌లో ఆ ఉద్యోగాన్నే ఎత్తేశారు. మాట వరసకు మంచిదే అనిపించిన ఆలోచన కూడా, వాడేవాళ్లను ముందే అడగకపోతే ఎలా బెడిసికొడుతుందో చెప్పడానికి ఇదో ఉదాహరణ.

మరి మన నగరాల్లో?

మన దగ్గరా కదలిక లేకపోలేదు. శానిటరీ నాప్‌కిన్లపై 12 శాతం జీఎస్టీని 2018 జులైలో తీసేశారు. జన ఔషధి కేంద్రాల్లో 'సువిధ' ప్యాడ్ల ధరను 2019 ఆగస్టులో రూపాయికి తగ్గించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 అక్టోబర్‌లో 'స్వేచ్ఛ' పథకం మొదలుపెట్టి ప్రభుత్వ విద్యాసంస్థల్లో 7 నుంచి 12వ తరగతి వరకు చదివే అమ్మాయిలకు నెలకు పది ప్యాడ్లు ఇచ్చేలా ఏర్పాటు చేసింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-24 ఏళ్ల యువతుల్లో 77.3 శాతం మంది నెలసరిలో పరిశుభ్రమైన పద్ధతులు పాటిస్తున్నారు. పట్టణాల్లో అది 89.4 శాతం.

బాగానే ఉందనిపిస్తుంది. కానీ అదే అంకెను తిప్పి చదివితే పట్టణాల్లో పదిమందిలో ఒకరికి ఇప్పటికీ ఆ భాగ్యం లేదన్నమాట. పైగా ఈ లెక్క పాతికేళ్లలోపు వాళ్లదే. నలభై ఏళ్ల పనిమనిషి, అపార్ట్‌మెంట్లు కట్టేచోట ఇటుకలు మోసే వలస కూలీ, ఫుట్‌పాత్ మీద పూలమ్మే ఆవిడ ఈ లెక్కలోకి రారు. బడి పథకాలు బడి మానేసిన పిల్లకు అందవు. నెలకు పది ప్యాడ్లంటే మనం వేసుకున్న లెక్కలో సగమే.

రూపాయి ప్యాడ్ గొప్ప సంగతే. కానీ పొద్దున ఆరింటికి పనికెళ్లి రాత్రి ఏడింటికి ఇల్లు చేరే కూలీకి ఆ షాపు ఎక్కడుందో తెలియాలి, తను తిరిగొచ్చే వేళకు అది తెరిచి ఉండాలి, వెళ్లి అడగాలి. కొన్నా మార్చుకోవడానికి చోటేదీ? నీళ్లున్న టాయ్‌లెట్, లోపల గడియ, వాడింది పడేయడానికి మూతున్న డబ్బా... ఈ మూడూ లేకపోతే ఉచితంగా ఇచ్చిన ప్యాడ్ కూడా నిరుపయోగమే.

ఇలాంటి చిక్కుముళ్లను విప్పిన నగరాలు మన దేశంలోనూ ఉన్నాయి. కేరళలోని అలప్పుళ మున్సిపాలిటీలో 2019లో 'తింకళ్' పేరుతో ఐదువేలమందికి సిలికాన్ కప్పులు ఉచితంగా పంచారు. హెచ్ఎల్ఎల్ లైఫ్‌కేర్, కోల్ ఇండియా అందుకు చేయూతనిచ్చాయి. పంచేసి చేతులు దులుపుకోకుండా, ఎలా వాడాలో నేర్పే అవగాహన తరగతులూ పెట్టారు. ఒక్క కప్పు ఏళ్లతరబడి వస్తుంది, చెత్తా ఉండదు. అయితే దాన్ని మరిగించి శుభ్రం చేసుకోవడానికి నీళ్లూ, పొయ్యీ, కాస్త చాటూ కావాలి. కాబట్టి ఇల్లున్నవాళ్లకు అది వరమే కానీ ఫుట్‌పాత్ మీద బతికేవాళ్లకు కాదు. ఎంచుకునే వీలుండాలని స్కాట్లాండ్ చట్టం చెప్పింది ఇందుకే.

పుణెలో ఇంకో పాఠం ఉంది. చెత్త ఏరుకునే మహిళల సహకార సంఘం 'స్వచ్' అక్కడ 'రెడ్ డాట్' ప్రచారం చేపట్టింది. వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి, దానిపై ఎర్రచుక్క పెట్టి విడిగా ఇమ్మన్నారు. చెత్త వేరుచేసే ఆడమనిషి దాన్ని విప్పి చూడాల్సిన పని తప్పుతుంది. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు కూడా ప్యాడ్లను చుట్టి ఇవ్వాలనే చెప్పాయి. ఒక ఆడదాని గౌరవం కాపాడే సేవ ఇంకో ఆడదాని చేతులకు మురికి అంటించకూడదు కదా!

కొత్తగా కట్టక్కర్లేదు

అబర్దీన్ కొత్త ఆఫీసులేమీ తెరవలేదని చెప్పుకున్నాం. మనకూ అక్కర్లేదు. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. ప్రతి వాడలో అంగన్‌వాడీ ఉంది, రేషన్ షాపు ఉంది. బస్టాండ్లు, రైతుబజార్లు, మున్సిపల్ టాయ్‌లెట్లు ఉన్నాయి. బస్తీ దవాఖానాకు జ్వరమని వచ్చినావిడ బాత్‌రూమ్‌లోని అరలోంచి ఓ ప్యాకెట్ తీసుకుని సంచిలో వేసుకుంటే చూసేవాళ్లెవరు? పనులు జరిగే చోట మేస్త్రీని అడగక్కర్లేకుండా ఆడవాళ్ల మరుగుదొడ్డిలోనే ఓ పెట్టె పెట్టిస్తే పోయేదేముంది? ఎక్కడెక్కడ పెట్టాలో కమిషనర్ ఆఫీసులో కూర్చుని తేల్చే బదులు బస్తీలో పొదుపు సంఘం మహిళల్ని కూర్చోబెట్టి అడిగితే గంటలో పటం గీసిచ్చేస్తారు.

'ఊరికే పెడితే మొదటిరోజే ఖాళీ చేస్తారండీ' అనేవాళ్లుంటారు. నిజమే, మొదటి వారం ఖాళీ కావచ్చు. దొరకదేమోనన్న భయం ఉన్నంతకాలమే ఎవరైనా పోగేసుకుంటారు. రేపూ ఉంటుందన్న నమ్మకం కుదిరాక ఎవరికి కావాల్సినవి వాళ్లు తీసుకుంటారు. ఆ నమ్మకం కుదిరేదాకా అరను నింపుతూనే ఉండాలి. పథకం ఆయువుపట్టంతా అక్కడే ఉంది. ప్రారంభోత్సవం రోజు ఫొటోకు మాత్రమే నిండి, మూడో నెలకు తుప్పుపట్టిన ప్యాడ్ల మిషన్లు మనకు కొత్తకాదు. రోజూ పొద్దున్నే దాన్ని నింపే మనిషి ఎవరు, ఆమె జీతం ఎవరిస్తారు అన్నది ముందే తేలితేనే మిగతాదంతా.

ఒకప్పుడు మన ఊళ్లలో మంచినీళ్లకూ అడగాల్సి వచ్చేది. ఎవరి బావి, ఎవరు తోడొచ్చు, ఎవరు దూరంగా నిలబడి పోయించుకోవాలి... ఎన్ని ఆంక్షలో! తర్వాత వీధి కుళాయి వచ్చింది. బిందె పట్టుకుని వచ్చిన ఆడమనిషిని 'నీకు నిజంగా నీళ్లు అవసరమేనా? ఆదాయ పత్రం ఏదీ?' అని ఇప్పుడెవరూ అడగరు. తిప్పితే నీళ్లొస్తాయి, పట్టుకుని వెళ్తుంది.

ప్యాడ్ల విషయంలో మన నగరాలు చేరుకోవాల్సింది అక్కడికే.